పియానోలో మిషను నూనె

“దాని వేళ్లకేమైనా అయితే మన గతేంటండీ?”

పొద్దున్నే వంటింట్లో కత్తిపీట వాల్చుకుంటూ సంపూర్ణమ్మ అన్న మాటకి, వసారాలో పేపరు చదువుతున్న చిట్టియ్య తల కూడా ఎత్తలేదు.

“పిల్ల ఇంకా నిద్రే లేవలేదు. వేళ్లకేమవుతుంది?”

“రాత్రి మంచినీళ్ల గ్లాసు ఎడం చేత్తో పట్టుకుంది. నేను చూశాను.”

“ఎడం చేత్తో నీళ్లు తాగినా నీకు భయమే. ముందా కొరమేను సంగతి చూడు, బేసినులోంచి దూకేలా ఉంది.”

ప్రిస్కిల్లా వాళ్ల ఒక్కగానొక్క కూతురు. చర్చిలో తండ్రి హార్మోనియం వాయిస్తుంటే పక్కన నిలబడి మెట్లు నొక్కిన పిల్ల, చెన్నైలో పియానో నేర్చుకుని, వియన్నాలో చదివి, పెద్ద పెద్ద హాళ్లలో కచేరీలు చేసేదాకా ఎదిగింది. ఏడో తరగతితో చదువాపేసి బట్టలు కుట్టుకుంటూ బతికిన సంపూర్ణమ్మకి ఆ సంగీతం బోధపడదు. ఆ వేళ్ల విలువ మాత్రం తెలుసు. అందుకే చిన్నప్పట్నుంచీ కూతుర్ని కత్తిపీట ముట్టనివ్వలేదు, పొయ్యి మీద గిన్నె దించనివ్వలేదు. వంటింటి గడప దాటి లోపలికొస్తే కసిరేది. రాణీగారిని పెంచుతున్నావా అని వీధిలో ఆడవాళ్లు వెక్కిరించినా పట్టించుకోలేదు.

ఈ ఆదివారం ప్రిస్కిల్లా తమ చర్చిలో వాయించాలి. రాజమండ్రిలో అదే మొదటిసారి. పాస్టరుగారు గేటుకి ఫ్లెక్సీ కూడా కట్టించారు. ఇంట్లో ఉన్న పాత పియానోనే ట్రాలీ ఆటోలో చర్చికి తీసుకెళ్లాలని అనుకున్నారు. కానీ ఊరొచ్చిన దగ్గర్నుంచీ ఆ పిల్ల దాని మూత తెరవలేదు. ఒకప్పుడు పళ్లు తోముకోకుండానే దాని ముందు కూర్చునేది.

సంపూర్ణమ్మ గుండెల్లో గుబులంతా అక్కడే ఉంది. వానలకి చెక్క ఉబ్బి, పియానో మెట్లు నొక్కితే పైకి లేవడం మానేశాయి. కుట్టుమిషను బిగుసుకుంటే ఏం చేస్తుందో, కూతురు వచ్చేలోగా దానికీ అదే చేసింది. ఎవరికీ చెప్పలేదు.

ప్రిస్కిల్లా లేచి కాఫీ తాగుతుండగా చిట్టియ్య పియానో దగ్గరికి వెళ్లాడు.

“ఒక్క కీర్తన వాయించమ్మా. మీ అమ్మ భయం తీరుతుంది.”

“తర్వాత నాన్నా.”

“తర్వాతంటే ఎప్పుడు, ఆదివారమేనా?” అంటూ ఆయన మూతెత్తి ఒక మెట్టు నొక్కాడు. అది దిగి, దిగిన చోటే ఉండిపోయింది. ఇంకోటి నొక్కాడు. మూగగా ‘దబ్’ మని ఆగింది.

ప్రిస్కిల్లా కప్పు పక్కన పెట్టి వచ్చి పైచెక్క తీసింది. మిషను నూనె వాసన గుప్పుమంది. తీగల్ని కొట్టే చిన్న చిన్న సుత్తుల మీది ఉన్ని అంతా నూనె పీల్చుకుని నల్లబడి ఉంది.

“ఎవరమ్మా పోసింది?”

“నేనే. మెట్లు లేవట్లేదని, కదిలే చోటల్లా...”

“కదిలే చోటల్లానా? నీ కుట్టుమిషను అనుకున్నావా సంపూర్ణం?” చిట్టియ్య అరిచాడు. పెళ్లయ్యాక ఆయన భార్య మీద అలా విరుచుకుపడటం అదే మొదలు. “ఆదివారం జనానికి ఏం చెప్పమంటావ్?”

“చెన్నై నుంచి మనిషి రావాలి నాన్నా. ఆదివారానికి అవదు,” అంది ప్రిస్కిల్లా. అంటూనే ఊపిరి వదిలింది. బిగుసుకున్న భుజాలు కిందికి దిగాయి.

తిట్లకోసం తల వంచుకుని నిలబడ్డ సంపూర్ణమ్మ అది చూసింది. నిర్ఘాంతపోయింది. భయం తీరినవాళ్లు ఎలా ఊపిరి వదులుతారో ఆమెకి తెలియనిది కాదు.

“ఏంటే, నీకు కోపం రాలేదా?”

“పోనీలేమ్మా. పియానో పాడైందని పాస్టరుగారికి చెప్పేద్దాం.”

“చర్చిలో కీబోర్డుందిగా. అది వాయించే శ్యాంబాబునడిగితే ఇస్తాడు,” అన్నాడు చిట్టియ్య.

“వద్దు నాన్నా.”

“కాకినాడ నుంచి కూడా వస్తున్నారమ్మా. ఒక్క పాటైనా...”

“వాయించలేను నాన్నా.”

కుడిచెయ్యి తీసి మెట్ల మీద పెట్టింది. మూడు వేళ్లు నిలబడ్డాయి. ఉంగరపు వేలూ, చిటికెన వేలూ ఎవరో లాగినట్టు వాటంతటవే అరచేతిలోకి ముడుచుకుపోయాయి.

“నొప్పేం లేదు. వాయించబోతే ఇలా అవుతుంది. ఒక్కోసారి గ్లాసు పట్టుకున్నా అంతే. కిందటి చలికాలం కచేరీ మధ్యలో మొదలైంది. హాలంతా చూస్తుండగా లేచి వచ్చేశాను. మళ్లీ స్టేజీ ఎక్కలేదు.”

“మరి ఫోన్లో టోక్యో అన్నావ్, బెర్లినన్నావ్...”

“అబద్ధం నాన్నా.”

“డాక్టరేమన్నాడు?”

“వేళ్లకి దెబ్బేం లేదట. మెదడే వాటికి తప్పుగా చెప్తోందట. చిన్నపిల్లలా మొదట్నుంచీ నేర్చుకోవాలన్నారు. వస్తుందో రాదో చెప్పలేమన్నారు.”

చిట్టియ్య కుర్చీలో కూలబడ్డాడు. సంపూర్ణమ్మ కూతురి చేతిని వెలుగులోకి తిప్పి చూసింది. కత్తిపీటకి భయపడింది, కాగే నూనెకి భయపడింది, బస్సు కిటికీలకీ తలుపు సందులకీ భయపడింది. ఆ వేళ్ల మీద ఒక్క గాటు లేదు, ఒక్క బొబ్బ లేదు.

“అమ్మా, ఈ చేతుల కోసమే కదా నన్నలా పెంచావు,” అంది ప్రిస్కిల్లా. “ఇవే పోయాక నేను నీకెందుకు?”

సంపూర్ణమ్మ వంటింట్లోకి వెళ్లి కత్తిపీట ముందు కూర్చుంది. ప్రిస్కిల్లా వెనకే వచ్చి, అలవాటు కొద్దీ గడప బయటే ఆగిపోయింది. బేసినులో కొరమేను తోక కొడుతోంది. పొయ్యి మీద ఎసరు మరిగి, పొంగి, మంట మీద చిమ్మినా సంపూర్ణమ్మ లేవలేదు. కొంగుతో కళ్లు తుడుచుకుంది. మళ్లీ తుడుచుకుంది.

అప్పుడు తలెత్తకుండానే బూడిద చిప్ప కూతురి వైపు జరిపింది.

“లోపలికి రావే. ఇది రాసుకుని చేపని గట్టిగా పట్టుకో. ఉత్త చేతుల్తో అయితే ఎవరికైనా జారుతుంది.”