దక్షిణ మందిరపు రాణి

కాన్‌బెర్రాలో జూలై నెల. సాయంత్రం ఐదున్నరకే చీకటి పడిపోయింది. హారిసన్‌లోని మా ఇంట్లో హీటర్ సన్నగా రొద చేస్తోంది. మా ఆయన జయంత్ ఇంకా ఆఫీసు నుంచి రాలేదు. ఏడేళ్ల మా అక్షర లోపల ఆడుకుంటోంది. నేను డైనింగ్ టేబుల్ మీద ఓ శాసనం నకలు పరుచుకుని చదువుతున్నాను. యూనివర్సిటీలో పాత బర్మా చరిత్ర చెప్పడం నా ఉద్యోగం.

ఆ శాసనం వేయించింది ఎనిమిది వందల ఏళ్ల కిందటి ఓ బర్మా రాణి. దక్షిణ మందిరపు రాణి అన్న బిరుదే తప్ప పేరు మిగల్లేదు. రాజు చనిపోతే మరిది సింహాసనం ఎక్కి, ఆమెను కూడా తన రాణిని చేసుకున్నాడు. ఆ వారంలోనే ఆమె రెండేళ్ల కొడుకుని ఎర్ర పట్టు సంచిలో కట్టి ఏట్లో ముంచారు. రాచరక్తం నేల మీద పడకూడదట!

ఆమె గుడి కట్టించి రాతి మీద ఇలా చెక్కించింది: "నా బిడ్డ నీళ్లలో ఒంటరిగా ఉన్నాడు. వాడికి తోడుగా ఈ పదకొండు మంది పిల్లల్ని ఇస్తున్నాను."

కింద పేర్లు. లెక్కపెట్టాను. పన్నెండు ఉన్నాయి.

చివరి పేరు తడిగా ఉంది. వేలికి అంటుకుంది... బురద వాసన. కూడబలుక్కుని చదివాను.

అ... క్ష... ర.

"అక్షరా!"

"కమింగ్ అమ్మా... బేబీ ఈజ్ సో కోల్డ్."

మాట బాత్రూంలోంచి వచ్చింది. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు.

పరిగెత్తాను. టబ్బు నిండా మట్టి నీళ్లు. అడుగున నా పిల్ల. కళ్లు తెరిచే ఉన్నాయి. చంకల కింద చేతులేసి లాగాను. రాలేదు. మళ్లీ లాగాను. అటునుంచి ఎవరో లాగుతున్నారు...

"నువ్వూ తల్లివే కదా!" ఆ రాణి భాషలోనే అరిచాను.

చెవి పక్కనే గుసగుస. "తల్లినే... అందుకే."

అక్షర నోట్లోంచి ఒక బుడగ పైకొచ్చింది. ఇంకోటి రాలేదు.

"దీన్ని వదిలెయ్... నీ కాళ్లు పట్టుకుంటాను... నీ బిడ్డని నేను పెంచుకుంటాను!"

పట్టు సడలింది.

ఎనిమిదింటికి ఆస్పత్రిలో అక్షర కళ్లు తెరిచింది. జయంత్ పరుగున వచ్చాడు.

"భానూ, షీ ఈజ్ ఓకే. డాక్టర్‌తో మాట్లాడాను. ఇంక ఏడవకు." నన్ను దగ్గరికి తీసుకుని, చటుక్కున వెనక్కి జరిగాడు. "అదేంటి, నీ బట్టలు ఇంకా తడిగానే ఉన్నాయి? మార్చుకోలేదా?"

మార్చుకున్నాను. నర్సు ఇచ్చిన పొడి గౌను వేసుకుని గంట దాటింది.

కిందికి చూసుకున్నాను. గుండెల మీద రెండు మరకలు... వెచ్చగా పెద్దవవుతున్నాయి.

అక్షర పాలు మానేసి ఆరేళ్లయింది.