పాదస్మృతి

ఆ ఉదయం నీలవేణి ఎక్కిన బస్సులో డ్రైవరు సీటు ఖాళీగా ఉంది. అద్దం మీద మామూలు బోర్డే: "ఈ బండిది కాశయ్య నడక." కాశయ్య రిటైరై పదేళ్లయింది. ఆయన కాలు బ్రేకు మీద ఎంత మెత్తగా ఆనేదో పాదస్మృతి అనే పరికరం నేర్చుకుని ఉంచింది. ఇప్పుడు బస్సులూ లారీలూ మంచి డ్రైవర్ల కాళ్లతోనే నడుస్తున్నాయి.

పాదస్మృతి మొదట పుట్టింది యుద్ధ ట్యాంకుల డీజిల్ ఇంజన్ల కోసం. అరవై టన్నుల బండి ఏటవాలు ఎక్కేటప్పుడు ఎక్కడ ఎంత డీజిల్ కావాలో ముందే ఊహించి అందిస్తుంది. ట్యాంకులో మాత్రం డ్రైవరు ఉంటాడు. అతని కాలికింద పెడల్ తనే కదిలి దారి చూపుతుంది.

నీలవేణి రూపొందించిన కొత్త ట్యాంకు ఇంజన్‌కు నడక నేర్పింది ఆమె తమ్ముడు శేషఫణి. అతను జ్వరంతో పోయి ఏడాది.

ఇంజన్‌లో ఒకటే లోపం. గట్టు అంచు చేరగానే ఒక క్షణం వెనకాడుతుంది. అంచున ఆగిన ట్యాంకు శత్రువుకు సులువైన గురి. ఆమె డీజిల్ పంపును మూడుసార్లు విప్పి చూసింది. లోపం పంపుది కాదు, తమ్ముడి కాలిది. నిన్న తన చేత్తోనే ఆ నడకను చెరిపేసింది. ఈ రోజు మైదానంలో చివరి పరీక్ష: ట్యాంకు మూడుసార్లు గట్టెక్కాలి, ఒక్కసారైనా ఆగకుండా ఎక్కకపోతే ఇంజన్‌ను తిరస్కరిస్తారు. ఆరేళ్ల పని అది. తమ్ముడి చివరి పని కూడా.

మొదటి రెండుసార్లూ ట్యాంకు అంచున ఆగింది.

"చెరిపేశానన్నారు కదమ్మా?" అన్నాడు పరీక్షాధికారి.

"చెరిపేశాను. తెర మీద చూడండి, ఖాళీ."

"మరి ఆపుతున్నది ఎవరు? దెయ్యమా?"

ఆమె ఏటవాలు కిందికి నడిచింది. డ్రైవరు అప్పలనరసయ్య ట్యాంకు మూత తెరిచి తల బయటపెట్టాడు.

"పంపు మళ్లీ ఇప్పకండి మేడమ్. తప్పు నాదే."

"నువ్వేం చేశావు?"

"నానేటీ సెయ్యలేదు. ఎనిమిది నెలలు ఈ పెడల్ మీదే కాలెట్టినాను గదా. అంచు కాడ అది లేసేది. ఇప్పుడది మానేసినా నా కాలు లేసిపోతంది. మా మావ పాత ట్రాక్టరు మీదా ఇంతే. గట్టుకి దండమెట్టి ఎక్కుతున్నావేటని మా ఆవిడ నవ్వుతాది."

"శేషఫణిని ఎప్పుడైనా చూశావా?"

"లేదు మేడమ్. నానొచ్చేసరికే ఆయన లేరు."

నీలవేణి ట్యాంకు గొలుసు చక్రం మీది మట్టిని గోటితో గీకింది.

"మా నాన్న క్వారీ లారీ నడిపేవారు," అంది. "గట్టు అవతల మేకో మనిషో ఉంటే కనబడదని అంచున కాలు తీసేవారు. తమ్ముడు ఆయన పక్కన కూర్చుని నేర్చుకున్నాడు."

"అయితే అది తప్పు కాదు గదా."

"లారీకి కాదు. ఇందులో నలుగురుంటారు. ఆగితే నలుగురూ పోతారు." ఆమె గొంతు మారలేదు. "ట్రాక్టరు మీద అలాగే ఉండనీ, అప్పలనరసయ్యా. ఇక్కడ మాత్రం తొక్కిపట్టు."

"లేసిపోతేనో?"

"లేవనివ్వకు. అది నీ కాలు."

అతను తలూపి మూత వేసుకున్నాడు.

ట్యాంకు మూడోసారి గట్టెక్కడం మొదలుపెట్టింది. ఇంజన్ మోతకు నేల అదిరింది. ట్యాంకు అంచు చేరింది, ఆగలేదు, అవతలికి దిగిపోయింది.

కింద ఒంటరిగా నిలబడ్డ నీలవేణి తన చెప్పు వైపు చూసుకుంది. కుడికాలి వేళ్లు పైకి లేచి ఉన్నాయి. ఆమె ఏనాడూ బండి నడపలేదు.