చాప ఎత్తే రోజు

"కాఫీ చేదుగానే ఇస్తున్నారేం? చక్కెర బస్తా వచ్చిందిగా?" అంది గుమ్మంలో ఎవరో పక్కింటావిడ.

"క్వారీ ఓనర్ పంపాడు. మనిషి పోతే బస్తా పంపాడు. చావింట్లో కాఫీకి చక్కెర ఎవరు వేస్తారమ్మా?" అంది దిమియానా నానమ్మ.

వెరీనా వాళ్ళ నాన్న నషేద్ పోయి అది మూడో రోజు. ఈజిప్టులోని మిన్యా కొండల్లో సున్నపురాయి కోసే మిషన్ మీద పనిచేసేవాడు. కరెంటు వైరు పాడైంది, మార్చమని అడిగి అడిగి అలిసిపోయాడు. చివరికి ఆ వైరే తగిలి షాక్ కొట్టి పోయాడు. ఆ మధ్యాహ్నమే కొత్త వైరు వచ్చింది.

సాయంత్రం చర్చి నుంచి అబూనా, అంటే ఫాదర్, వచ్చి ప్రార్థన చేస్తాడు. అప్పుడు, ఏడ్చేవాళ్ళు కూర్చున్న చాపలు ఎత్తేస్తారు. దాంతో ఏడుపు రోజులు అయిపోయినట్టు.

వెరీనా, ఆమె స్నేహితురాలు దిమియానా మెట్ల మీద కూర్చున్నారు. వెరీనా వేసుకున్న నల్ల గౌను ఎవరిదో, భుజాల మీంచి జారిపోతోంది.

"సిలువ గుర్తు వేసుకోకుండా మా నాన్న మిషన్ ముట్టుకోడే. మరి దేవుడెందుకు ఊరుకున్నాడు?" అంది వెరీనా.

రోజూ బైబిల్లో కీర్తన చదువుతున్నందుకు దిమియానాకి సండే స్కూల్లో స్టార్ ఇచ్చారు. జవాబు నాలుక చివరే ఉంది.

"మీరు రోజూ చదవరేమో. నమ్మి చదివే ఇంటికి కీడు రాదని కీర్తనలోనే ఉంది. మేం ఒక్కరోజూ మానం. మా నాన్నదీ అదే క్వారీ. బాగానే ఉన్నాడుగా?"

వెరీనా ముఖం తెల్లబోయింది.

"మా నాన్న అడిగేదీ ఆ కీర్తనే. ఆయనకి చదువు రాదు, నేనే చదివి వినిపించేదాన్ని. ముందు రోజు నిద్రొస్తోందని మానేశాను. అయితే... నేనే చంపానా?"

లేచి లోపలికి వెళ్ళిపోయింది. మూలనున్న చాప మీద ముడుచుకుని పడుకుంది.

దిమియానా పరుగున వెళ్ళి నానమ్మ చెవిలో అంతా చెప్పేసింది. నానమ్మ కప్పు కింద పెట్టింది.

"మీ తాతని క్వారీ నుంచి దుప్పట్లో తెచ్చారు. ఆ పొద్దున నేను ఆ కీర్తనే చదివాను. ఒక్క ముక్క వదల్లేదు."

"మరి ఎందుకు పోయాడు?"

"నాకేం తెలుసు? ఇప్పటికీ రోజూ చదివాక అదే అడుగుతాను."

"దేవుడేమంటాడు?"

"ఏమీ అనడు. లేచి టీ పెట్టుకుంటాను."

"వెరీనాకి ఏం చెప్పను?"

"చెప్పాల్సిందంతా చెప్పేసి వచ్చావుగా, మహాజ్ఞానీ! వెళ్ళి నీ మాట నువ్వే వెనక్కి తీసుకో."

అబూనా వచ్చాడు. ప్రార్థన చేసి ఇల్లంతా నీళ్ళు చిలకరించాడు. ఆడవాళ్ళు చాపలు చుట్టేశారు. వెరీనా పడుకున్నది ఒక్కటే మిగిలింది. "లేమ్మా" అన్నా లేవలేదు.

దిమియానా వెళ్ళి ఆ చాప మీదే కూర్చుంది.

"తెలిసినట్టు వాగానే. మా తాత పోయిన పొద్దున మా నానమ్మ చదివిందట. అయినా పోయాడు."

వెరీనా కళ్ళు తెరిచింది. "మరి ఎందుకు?"

"నాకు తెలియదు. నానమ్మకీ తెలియదు."

దిమియానా మెల్లగా అడిగింది. "మీ నాన్నకి ఆ రోజు చదవలేదన్నావే, ఇప్పుడు చదువుదామా?"

వెరీనా గూట్లోంచి పుస్తకం తెచ్చింది. దిమియానా చదివింది. కీడు రాదన్న మాట దగ్గర ఆగింది.

"ఇది వదిలేయనా?"

"వద్దు, చదువు. అయ్యాక ఎందుకని దేవుణ్ణే అడుగుదాం."

చదవడం అయింది. ఇద్దరూ అడిగారు.

వెరీనా లేచి చాపకి ఒక అంచు పట్టుకుంది. దిమియానా రెండో అంచు పట్టుకుంది. ఇద్దరూ కలిసి దాన్ని చుట్టేశారు.