పడుగు దాటిన పిల్ల

"ఏయ్! కాలు తియ్! కాలు తియ్!"

మహితతోని నేను మాట్లాడిన మొదటి మాట ఇదే. మాట్లాడిన అనుడు తప్పు, ఒర్రిన.

పొద్దుగాల ఏడు గంటలు. కొత్తవాడల మా గల్లీ పొడుగూత పడుగు కట్టి నేనూ, మా బాపు సమ్మయ్యా గంజి పట్టిస్తానం. పడుగంటే మగ్గం ఎక్కియ్యబోయే నిలువు దారాలు, వందల పోగులు. అది కట్టిన రోజు మా గల్లీల బండ్లు గూడ చుట్టు తిరిగి పోతయ్. పడుగు దాటద్దని కుక్కలకు గూడ ఎర్కే. ఈ పిల్లకు ఎర్కలేదు. జీన్స్ ప్యాంటు, భుజానికి బ్యాగు, చేతిల ఫోను. వీడియో తీసుకుంట వచ్చి, నేలకు జానెడెత్తున ఉన్న కాడ ఒక్క అంగల అవతల పడ్డది.

"దారాలే గద! కరెంటు తీగలేం కావు గద!" అన్నది.

"ఓహో! నీ పుస్తకాల మీదికెళ్లి నేను దాటాల్నా?"

"దాటు. గిగో, బ్యాగుల ఉన్నయ్." బ్యాగు తీసి నా కాళ్ల ముంగట పెట్టింది.

నేను రెండడుగులు ఎనక్కు జరిగిన. బాపు నవ్వు ఆపుకుంట, "ఊకోరా ఓంకార్. తెల్వక దాటింది. ఏం పని మీదొచ్చినవ్ బిడ్డా?" అని అడిగిండు.

"నమస్తే కాకా. నా పేరు మహిత. మాది రఘునాథపల్లి, వ్యవసాయం. హన్మకొండల టెక్స్‌టైల్ డిజైన్ చదువుతాన. మగ్గం మీద ప్రాజెక్ట్ చెయ్యాలె. జర నేర్పుతవా?"

ఆ 'కాకా'ను జర యాది పెట్టుకోండ్రి. మా బాపును కాక అన్నదంటే వరస ప్రకారం నేనేమైత? అన్న. ఆనాడు నాకేం బాధ కాలే. నెల తిరిగేసరికి మస్తు బాధయింది.

ఆ నెలంత రోజూ వచ్చింది. మా అమ్మ విమలమ్మ చాయ్ పోసేది, బాపు గుంట మగ్గం మీద కూసోపెట్టి నేర్పేటోడు. తెగిన పోగును ముడి కనవడకుంట అతుకుడు నాకు ఆరు నెలలకు వచ్చింది. ఆ పిల్లకు పది రోజులకు వచ్చింది. బాపు జంపఖానా నేస్తాంటే కాళ్ల దిక్కు చూసేది, చేతుల దిక్కు చూసేది, నోట్‌బుక్కుల బొమ్మలు గీసుకునేది.

ఒకనాడు నన్ను అడిగింది. "నువ్వేం చేస్తవ్?"

"టెక్స్‌టైల్ లైన్ల ఉన్న."

"అంటే?"

"అంటే... టెక్స్‌టైల్ లైన్."

"మగ్గం మీద కూసొని నేస్తవ్ గద. నేత నేస్త అని చెప్పరాదా? నోరు నొస్తదా?"

నోరు నొయ్యది. పెండ్లిళ్లకు పోయినకాడ 'ఏం జాబ్ తమ్మీ' అని అడిగి, నేత అనంగనే 'అట్లనా' అని మొకం తిప్పుకున్నోళ్లను చూసి చూసి మనసు నొచ్చింది. మా బాపు అయితే అసొంటి కాడికి పోవుడే బంద్ పెట్టిండు. ఇదంత ఆ పిల్లకేం చెప్తం? తెగిన పోగు అతుక్కుంట కూసున్న.

ఆఖరి రోజు వాన దంచికొట్టింది. మగ్గం గుంటల నీళ్లు నిండుతాంటే ముగ్గురం డబ్బాలతోని తోడి పోసినం. ఆమె మొకం మీద బురద, నెత్తి మీద దూది పోగులు. "ఏంది గట్ల చూస్తానవ్?" అన్నది. "దూది అంటింది," అన్న. "తియ్యి మరి," అన్నది. తియ్యలే. డబ్బా అందుకొని మళ్ల నీళ్లు తోడిన. గప్పుడు ఎర్కయింది నాకు, నా పని అయిపోయిందని.

తెల్లారి మనసుల మాట చెప్దామని ఇస్త్రీ షర్ట్ వేసుకొని కూసున్న. ఇంతల ఆమెనే ఉరుక్కుంట వచ్చింది.

"కాకా! సెలెక్ట్ అయిన! ఎక్స్‌చేంజ్ ప్రోగ్రాం! ఒక సెమిస్టర్ థాయిలాండ్‌ల, ఖోన్ కెన్ అనే ఊర్ల! అక్కడ గూడ మనలెక్క దారాలకు కట్లు కట్టి రంగులేసి పట్టు నేస్తరట!"

నా షర్ట్ సంగతి ఎవ్వలు అడగలే.

ఆమె పోయినంక వారానికి రెండు సార్లు వీడియో కాల్. నాకు గాదు, మా బాపుకు. ఫోను పట్టుకునే డ్యూటీ నాది.

"కాకా, నేనుండే ఇంటామె పేరు బున్‌మీ. ఇల్లు కట్టె కంబాల మీద ఉంటది, కింద నీడల మగ్గం. ఈ ఊర్ల నేసేది ఆడోళ్లే. మా కాక నేస్తడంటే కండ్లు ఇంత చేసింది!"

"బువ్వ తింటానవా బిడ్డా?" అమ్మకు అదొక్కటే ఫికర్.

"తింటాన చిన్నమ్మా. బంక బంక అన్నం, చిన్న వెదురు బుట్టల పెడ్తరు. చేతితోనే ముద్ద చేసుకొని తినుడు. పచ్చి బొప్పాయిల మిరపకాయలేసి రోట్లె దంచుతరు. అందరు నన్ను చూసి, 'విదేశీ పిల్ల, చెంచా కావాల్నా' అన్నరు. నేను ముద్ద చేసి చూపిచ్చిన. చప్పట్లు కొట్టిండ్లు!"

ఇంకోనాడు బుగులుబుగులుగ చెప్పింది. "కాకా, పక్కింటి చిన్నపాప ముద్దుగున్నదని నెత్తి నిమిరిన. అందరు గమ్మున అయిండ్లు. ఇక్కడ నెత్తి అంటే దేవుని గుడి లెక్కనట. ఎవ్వల నెత్తి ముట్టద్దట. కాళ్లు ఎవ్వల దిక్కు సాపద్దట. దండం పెట్టి మాఫీ అడిగిన."

"నేర్చుకో బిడ్డా. ఇంట్లకు పోయినంక ఆ ఇంటోళ్ల పద్ధతే," అన్నడు బాపు.

ఇగ అసలు ముచ్చట. ఒకనాడు మాపటీలి నాలుగున్నరకు నాకు కాల్ వచ్చింది. బాపుకు గాదు, నాకు. వెనుక మార్కెట్ కనవడ్తాంది. అక్కడ ఆరు గంటలు.

"ఓంకార్, నీకొకటి చెప్పాలె. నవ్వద్దు మరి."

"నవ్వ."

"వచ్చినంక నేను మీ బాపును—"

ఆగింది. మనిషి కదుల్తలేదు, రెప్ప గూడ వాల్తలేదు.

"హలో? మహితా? వినవడ్తాందా?"

ఉలుకు లేదు, పలుకు లేదు. ఏదో పాట మాత్రం వస్తాంది. నెట్‌వర్క్ అనుకొని కట్ చేసి మళ్లా చేసిన. ఎత్తలే. ఫోను స్విచ్చాఫ్ చేసి ఆన్ చేసిన. డాబా మీదికి ఉరికిన. ఆఖరికి ఆమె ఎత్తింది, పొట్ట చెక్కలయ్యేటట్టు నవ్వుకుంట.

"ఓయ్ పాగల్! నెట్‌వర్క్ గాదు. ఇక్కడ పొద్దుగాల ఎనిమిదికి, మాపున ఆరుకు జాతీయగీతం వస్తది. మార్కెట్ల ఉన్నోళ్లు ఎక్కడోళ్లక్కడ నిలవడ్తరు. నేను గూడ నిలవడ్డ."

"సరే, మా బాపును ఏంది? ఏం చెప్పబోయినవ్?"

నవ్వు ఆపింది. "ఇప్పుడు చెప్ప. వచ్చినంక చెప్త."

మా బాపును ఏంది? ఏం అడుగుతది? పుస్తకం రాస్తదా? మగ్గం కాలేజీకి పట్కపోతదా? రెండు నెలలు నాకు నిద్రలేదు. మళ్ల నన్ను నేనే తిట్టుకున్న: ఫారిన్ చూసొచ్చే పిల్ల, గుంటల కాళ్లు పెట్టి కూసునేటోన్ని ఎందుకు చేసుకుంటదిరా?

అక్టోబర్‌ల వచ్చింది. వచ్చిన మూడో రోజు, గురువారం పొద్దుగాల, మా గల్లీల మళ్లా పడుగు కట్టి ఉన్నది. దూరంకెళ్లే చూసిన. చీర కట్టుకున్నది, చేతుల పెద్ద తట్ట. పడుగు కాడికి వచ్చి ఆగింది. చెప్పులు ఇడిసింది. గల్లీ ఆ కొస దాక నడిచి, చుట్టు తిరిగి ఇవుతలికి వచ్చింది. నా ముంగటికెళ్లి పోతాంటే ఒక చూపు చూసింది. నా చేతిల ఉన్న గంజి పూసే కుచ్చె కింద పడ్డది.

ఇంట్ల మగ్గం ముంగట తట్ట దించింది. పూలను బతుకమ్మ లెక్క వరుసలు వరుసలుగ పేర్చింది. గరిక, వంకాయ పువ్వులు, ఎర్రటి నూరువరాల పువ్వులు.

"కాకా, జర గీ కుర్చీల కూసో."

"నేనా? ఎందుకు బిడ్డా?"

"థాయిలాండ్‌ల చదువుకునే పిల్లలందరు ఏడాదికొకసారి గురువుకు ఇట్ల దండం పెడ్తరు. గురువారం నాడే. గరిక ఎందుకంటే ఎంత తొక్కినా మళ్ల మొలుస్తది. నూరువరాల మొగ్గ సూది లెక్క ఉంటది, చదువు గట్ల పదునుగ ఉండాలెనట. వంకాయ పువ్వు తల దించుకొని ఉంటది, గురువు ముంగట గట్ల ఉండాలెనట."

గురువు! మా బాపును గురువు చేస్తాంది! ఇదేనన్నమాట ఫోన్ల చెప్పబోయింది. గురువు కొడుకు ఏమైతడు? అన్న అయితడు. కాక కొడుకునై ఒకసారి అన్ననైతి, ఇప్పుడు గురువు కొడుకునై రెండోసారి అన్ననైతాన!

ఆమె మాత్రం నా దిక్కు చూస్తలేదు.

"బున్‌మీ అమ్మ మగ్గం కాడ మొదటిరోజు దారాలు పరిచి ఉన్నయ్ కాకా. కాలేజీ పిల్లలు నలుగురు మీదికెళ్లి దాటిండ్లు. నేను చుట్టు తిరిగి పోయిన. ఆమె నా చెయ్యి పట్టుకొని, 'నీకు గురువు ఉన్నడు. ఎవలు?' అని అడిగింది. నీ ఫోటో చూపిచ్చిన. కాలేజీల గురుపూజ నాడు స్టేజీ మీద ఇదే తట్ట, మన బతుకమ్మ తీరు పేర్చిన. తట్టలు పేర్చే పోటీల మాకే ప్రైజ్. ప్రొఫెసర్ నీ ఫోటో పెద్ద తెర మీద వేసి, 'వరంగల్ నేతగాడు, సమ్మయ్య' అని చెప్పిండు. రెండు వందల మంది లేచి నిలవడి నీకు దండం పెట్టిండ్లు."

బాపు లుంగీకి చేతులు తుడుసుకున్నడు. మళ్ల తుడుసుకున్నడు. నలభై ఏండ్లు నేసిన మనిషి, కుర్చీల ఎట్ల కూసోవాల్నో మర్చిపోయిండు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. నాకు కండ్ల నీళ్లు ఆగలే. సిగ్గుతోని గాదు. ఇన్నేండ్లు 'టెక్స్‌టైల్ లైన్' అని దాచిన పేరు, ఎక్కడో సముద్రమవుతల తెర మీద వెలిగింది. ఛాతీ ఇంత అయింది నాకు.

మహిత కాళ్లు పక్కకు మలిసి కూసొని, చేతులు జోడిచ్చి, నేలకు వంగి మొక్కింది.

బాపు దీవిద్దామని చెయ్యి ఎత్తిండు. ఎత్తిన చెయ్యి ఆమె నెత్తి మీద జానెడెత్తున ఆగిపోయింది.

"నెత్తి ముట్టద్దంటివి గద బిడ్డా?" అన్నడు భయంభయంగ.

మహిత తల ఎత్తలే. తల దించుకునే, స్పష్టంగ అన్నది.

"అది ఖోన్ కెన్. ఇది కొత్తవాడ. చెయ్యి పెట్టు మామా."

బాపు కుర్చీల ముంగటికి వంగిండు.

"ఏమన్నవ్?" అన్నడు బాపు.

"మామ అన్న. ఆనాడు ఫోన్ల గిదే చెప్పబోయిన. ఇగ నిన్ను కాక అనను. మా నాయినకు నిన్ననే చెప్పిన. పిలగాడు ఏం చేస్తడని అడిగిండు. నేత నేస్తడు, వాళ్ల బాపు నా గురువు అని చెప్పిన. 'చేతిల పనున్నోడు, ఇంకేం గావాలె' అన్నడు. ఐతారం మావోళ్లు మీ మగ్గం చూస్తందుకు వస్తాండ్లు."

బాపు చెయ్యి ఆమె నెత్తి మీద దిగింది. దిగి, అక్కడ్నే ఉండిపోయింది. "సల్లగ ఉండు కోడలా," అన్నడు.

అమ్మ కండ్లు తుడుసుకుంట, "నాకు వాననాడే ఎర్క," అన్నది. "ఆ ఇస్త్రీ షర్ట్ చూసి తెల్లారి గూడ ఎర్కయింది."

నేను మాత్రం గంజి చేతులతోని దర్వాజల నిలవడ్డ. కాలు కదుల్తలేదు, రెప్ప వాల్తలేదు, నోట్లెకెళ్లి మాట వస్తలేదు.

మహిత లేచి నా ముంగటికి వచ్చింది. నా మొకం ముంగట చెయ్యి అటూ ఇటూ ఊపింది.

"హలో? ఓంకార్? వినవడ్తాందా?"

"వినవడ్తాంది," అన్న. "మళ్లొకసారి చెప్పు."