పెట్టెకి అటువైపు

ఆ గుట్ట ఎక్కే రోడ్డుకి మంచి పేరు లేదు. మామూలు బండ్లకి ఏమీ కాదట. వెనక ట్రెయిలర్ తగిలించుకున్న బండి మాత్రం చీకటి పడ్డాక అక్కడ ఆగకూడదంటారు. ఎప్పుడో ఒక డ్రైవరు అక్కడే బండి ఆపి వెనక్కి వెళ్ళాడట. ట్రెయిలర్ జారి అతని మీదికొచ్చింది. అప్పట్నుంచీ ఎవరో వెనకనుంచి పట్టి లాగుతున్నట్టుంటుందని చెప్పుకుంటారు.

మా బాబాయి ఇలాంటివి నమ్మడు. చెబితే నవ్వేస్తాడు. ఈ ఒక్కటీ చెప్పేటప్పుడు మాత్రం నవ్వడు...

బాబాయీ పిన్నీ తేనెటీగలు పెంచుతారు. పూలు ఎక్కడ పూస్తే పెట్టెలు అక్కడికి మోసుకెళ్ళాలి. అందుకని ఒక ఏడాది పాత పికప్ ఒకటి, దాని వెనక తగిలించే ట్రెయిలర్ ఒకటి కొన్నాడు బాబాయి. కొన్నాక ఆ పికప్‌ని వదిలితే ఒట్టు. బంపరుకి ఉన్న కొక్కెం పీకేసి, చాసిస్‌కే ఇనుప పట్టీ బిగించాడు. దాని మీద ట్రెయిలర్ ముందు మూతి వచ్చి కూర్చునే ఇనుప గుండు వదులుగా ఉందని సరైన సైజుది వేశాడు. ఒకవేళ మూతి ఊడినా నేలకి కొట్టుకోకుండా కింద గొలుసులు రెండూ అడ్డంగా దాటించి తగిలించాడు. పెడల్ తొక్కితే ట్రెయిలర్ చక్రాలు కూడా పట్టుకునేలా బ్రేకులు కలిపాడు. ఖాళీ ట్రెయిలర్‌తో వీధంతా తిప్పి, పిన్నితో భేష్ అనిపించుకున్నాడు.

ఖాళీ ట్రెయిలర్‌తో... అక్కడే పప్పులో కాలేశాడు.

ఈగలన్నీ గూటికి చేరాకే పెట్టెల ద్వారాలు మూస్తారు, అందుకే ఆ ప్రయాణాలన్నీ రాత్రిపూటే. బలమైన పెట్టెల్లో ఈగలు చీకటి పడ్డాక కూడా చాలాసేపు బయటే వేలాడతాయి. అవి లోపలికి పోయేదాకా ఆగాలి. అంటే తేనె నిండిన బరువైన పెట్టెలు ఎప్పుడూ చివరికి ఎక్కుతాయి. చివర ఎక్కినవి ట్రెయిలర్ తోకలో ఉంటాయి. ఎన్నో ఏళ్ళుగా లారీలో అలాగే ఎక్కించారు, ఏమీ కాలేదు. ట్రెయిలర్ లారీ కాదని ఇద్దరికీ తట్టలేదు.

గుట్ట రోడ్డు వద్దంది పిన్ని. చుట్టు తిరిగి వెళ్తే ఎండెక్కిపోతుంది, మూసిన పెట్టెల్లో ఈగలు ఉడికి చస్తాయి అన్నాడు బాబాయి. వాళ్ళకున్నవన్నీ ఆ పెట్టెలే. ఆవిడ ముఖం అటు తిప్పుకుని కూర్చుంది.

చదును రోడ్డు మీదే తోక కాస్త ఊగింది. బాబాయి వేగం తగ్గించాడు. ఊపు సర్దుకుంది.

గుట్ట ఎక్కడం మొదలైంది. సగం ఎక్కేసరికి — బండి వెనక భాగం తేలిపోతున్నట్టయింది. చక్రాలు గిర్రున తిరుగుతున్నాయి, బండి కదలదు. వెనకనుంచి ఎవరో పట్టి లాగుతున్నారు...

ఆపేశాడు.

భయం వేసింది, ఒప్పుకుంటాడు. కానీ ఆలోచిస్తే సంగతి బోధపడింది. బరువంతా తోకలో ఉంది. తోక కుంగుతుంటే ముందున్న మూతి పైకి లేచి పికప్‌నీ లేపుతోంది. బరువు పెట్టెలు ముందుకి, తేలికవి వెనక్కి మార్చాలి. హ్యాండ్‌బ్రేకు లాగి, ముఖానికి వల ముసుగు వేసుకుని దిగాడు. "నువ్వూ ముసుగేసుకుని వెనక్కి రా" అని పిన్నికి చెప్పి తలుపు మూశాడు.

వెనక చిమ్మచీకటి. ట్రెయిలర్ లైట్ల ఎర్రటి వెలుతురు మాత్రం రోడ్డు మీద పడుతోంది. మంచిదే అనుకున్నాడు. ఈగలకి ఎరుపు కనబడదు, రేగవు.

తాడు విప్పి మొదటి పెట్టెకి ఒక వైపు చెయ్యి వేశాడు. అటువైపు కూడా లేచింది.

పెట్టెల దగ్గర వాళ్ళు మాట్లాడుకోరు. ఊపిరి తగిలితే ఈగలు మీదికొస్తాయి. పైగా పిన్ని అలిగి ఉంది. బాబాయి పలకరించలేదు. పెట్టె తర్వాత పెట్టె... దించడం, నడవడం, ముందు పెట్టడం. ఈగల హోరు తప్ప మరో చప్పుడు లేదు.

మామూలుగా పిన్ని నడుం పట్టిందని మధ్యమధ్య ఆగమంటుంది. ఆ రాత్రి ఆగలేదు. ఒకసారి బాబాయి చెయ్యి జారింది. పెట్టె పడిపోవాల్సిందే — పడలేదు. అటువైపు పట్టు ఇసుమంతైనా సడలలేదు.

"మెల్లగా..." అని గొణిగాడు. పెట్టె చప్పుడు లేకుండా కిందికి దిగింది.

ఎంత కోపంగా ఉన్నా కష్టంలో వదలదు అనుకున్నాడట. ముద్దొచ్చిందట కూడా.

ఆఖరి పెట్టె సర్ది, తాడు బిగించాడు. వంగి చూస్తే ట్రెయిలర్ మూతి గుండు మీద బరువుగా, కుదురుగా కూర్చుంది. ఎదురుగా మనిషి లేదు. ముందే వెళ్ళి ఎక్కేసిందనుకుని తలుపు దగ్గరికొచ్చాడు. పిన్ని డ్రైవరు సీట్లో ఉంది.

"ఇక నువ్వు తోలతావా ఏంటి?" అన్నాడు ముసుగు తీస్తూ.

ఆవిడ నవ్వలేదు. ముఖమంతా చెమట. రెండు పాదాలూ కలిపి బ్రేకు పెడల్ మీద ఉన్నాయి.

"ముందు మీరు దీని మీద కాలు పెట్టండి" అంది. "మీరు దిగగానే బండి వెనక్కి జారింది. హ్యాండ్‌బ్రేకు పట్టడం లేదు. మీరేమో వెనకున్నారు... ఇటు జరిగి తొక్కి పట్టాను. అరిచాను, ఆ హోరులో మీకు వినబడలేదు. హారన్ పలకదు. అప్పట్నుంచీ కాలు తియ్యలేదండీ."

బాబాయి వెనక్కి తిరిగి చూశాడు. తాను పని చేసిన ఆ ఎర్ర వెలుగు బ్రేకు లైట్లది. పెడల్ మీద కాలుంటేనే అవి వెలుగుతాయి. తన మాట విని ఆవిడ దిగి ఉంటే, ట్రెయిలర్ తన మీదికే వచ్చేది. ఆ కాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది. పక్కనుంచి దూరి, ఆవిడ పాదాల మీదుగా తన కాలు ఆనించాడు.

అప్పుడు పిన్ని ఊపిరి పీల్చుకుని, అతని చేతుల వంక చూసి, మెల్లగా అడిగింది —

"అయినా... అన్ని పెట్టెలు ఒక్కరే ఎలా మోశారండీ?"