అద్దం గదిలో తాబేలు

"మహమ్మారి వస్తే ఆస్పత్రులు ఎలా తట్టుకోవాలో నేర్చుకోడానికి రేపు సిటీలో డాక్టర్లూ నర్సులూ అందరూ ఒకే హాల్లో కూర్చుంటారు," అన్నాడు చీఫ్. "అక్కడ నిజమైన వైరస్ వదలాలని విదేశీ ముఠా ప్లాన్. వాళ్ళే మంచాన పడితే మనల్ని చూసే దిక్కుండదు. నీకు తోడు ఏజెంట్ నెమలి. ట్రైనింగిచ్చే హెడ్ నర్సు మీ అక్కేగా? నీ అసలు ఉద్యోగం తెలుసా?"

"బల్బులమ్ముతాననుకుంటోంది సార్," అన్నాడు ఏజెంట్ తాబేలు.

మర్నాడు వాలంటీర్‌గా వెళ్తే అక్క అతనికి కంగారుపడే వార్డ్‌బాయ్ వేషం ఇచ్చింది.

"ఒరేయ్, రూల్ విను. ఎవరు తప్పు చేసినా నేను స్టాప్ అంటా. అందరూ ఎక్కడివాళ్ళక్కడ బొమ్మల్లా ఆగిపోవాలి. నువ్వు కూడా."

స్టేజీ మీదున్న అద్దం గదిలో నర్సు వేషంలో ఉన్న నెమలి అతనికి సూటు తొడిగింది. మాస్కు పెట్టింది, జిప్పు మీద వరసగా టేపులేసింది. గాగుల్స్ వెనక ఆ కళ్ళే చాలు, ఎవడైనా పడిపోతాడు. తర్వాత చిన్న సీసా తీసి, డెమో కోసం పెట్టిన స్ప్రే బాటిల్లో వంపింది.

"నేను మొదట్నుంచీ వాళ్ళ మనిషినే, తాబేలూ."

అతను అందుకునేలోపే ఆమె బాటిల్‌తో బయటికి జారుకుంది, తలుపు బయట్నుంచి లాక్ పడింది. అతని ఇయర్‌పీస్ ఆమె చేతిలో ఉంది. అద్దం కోసే లేజర్ పెన్ను సూటు లోపల చొక్కా జేబులో, టేపుల కింద ఉంది. అది తీసేలోపు అంతా అయిపోతుంది.

అద్దం మీద బాదాడు. గొంతు చించుకున్నాడు. బయటి మాట స్పీకర్లో లోపలికొస్తుంది గానీ లోపలి మాట బయటికి పోదు.

"చూశారా, కంగారుపడితే ఇలా ఉంటుంది," అంది అక్క మైకులో. హాలంతా చప్పట్లు.

నెమలి బాటిల్ అక్క చేతికిచ్చింది.

"దగ్గితే తుంపర్లు ఎంత దూరం పోతాయో ఈ రంగునీళ్ళతో చూపిస్తా," అంటూ అక్క బాటిల్ ఊపింది. ఆమె ముఖానికి మాస్కు లేదు. ముందు వరసలో ఎవరికీ లేదు.

అరిస్తే అక్క పట్టించుకోదు. తప్పు చేస్తే మాత్రం వదలదు. కానీ ఆ సీసా మూత తెరిచింది ఈ గదిలోనే. ఇక్కడి గాలిలో ఏముందో?

తాబేలు గ్లవ్స్ తీయకుండానే, అందరూ చూస్తుండగా, రెండు చేతులతో మాస్కు పీకేశాడు.

"స్టాప్!"

హాలు బిగుసుకుపోయింది. ట్రిగ్గర్ మీద అక్క వేలు కూడా. అతను అద్దం మీద ఊది, ఆ ఆవిరిలో బయటికి సరిగ్గా కనపడేలా తిరగేసి రాశాడు: బాటిల్లో వైరస్.

అందరూ బొమ్మల్లా ఉన్న హాల్లో ఒక్క మనిషే కదిలింది. నెమలి బాటిల్ మీదికి దూకింది.

"ఆగమన్నానా, అమ్మాయ్?" అక్క బాటిల్ వెనక్కి లాక్కుంది. ఇద్దరు నర్సులు నెమలి రెక్కలు విరిచి పట్టుకున్నారు.

బాటిల్ని సీలేసి తీసుకెళ్ళాక చీఫ్ పరిగెత్తుకొచ్చాడు. "శభాష్. తలుపు తీయండమ్మా."

"కుదరదు సార్. మాస్కు తీశాడు. నేను చెప్పేదాకా లోపలే." తలుపు పక్కన వస్తువులు అందించే అరలోంచి ఆమె థర్మామీటర్ లోపలికి తోసింది. "ఏమాత్రం వేడి తగిలినా చెప్పరా."

తర్వాత అద్దం ముందు కుర్చీ లాక్కుని కూర్చుంది. లోపలి మైకు ఆన్ చేసింది.

"ఊఁ. బల్బులమ్మేవాడికి ఇంత పెద్ద సారెందుకో చెప్పు. మొదట్నుంచి."

ఎన్ని ముఠాలు తనని పట్టుకున్నా నోరు విప్పని తాబేలు, వెనక తలుపు కోసం చుట్టూ చూశాడు. అద్దం గదికి ఉన్నది ఒకటే తలుపు, దాని తాళం అక్క దగ్గరుంది.