ఎర్రకొండలో శ్వాసభక్షి

మిట్టమధ్యాహ్నం... సూర్యుడు నడినెత్తిన ప్రజ్వలించవలసిన వేళ!

పొతోసి నగరం మీద ఆకాశం కాటుక పూసినట్టు నల్లబడింది. నడివేసవి. కానీ ఆ ఎత్తున వేసవి అంటే ఎండ కాదు, పిడుగులు. నగరం వెనుక నిలిచిన ఎర్రకొండ శిఖరాన్ని కారుమేఘాలు మింగేశాయి. ఆ కొండ గర్భంలో వెండి కోసం తరతరాలుగా తవ్విన వేలాది సొరంగాలు... వాటిలోంచి గాలి భీకరంగా ఊళలు వేస్తూ ఇళ్ల మీదికి దిగివస్తోంది. పట్టపగలే ఒక గుడ్లగూబ చర్చి గోపురం మీద వాలి, మెడ వెనక్కి తిప్పి, దోన్యా ఫెలీపా లాడ్జి పెరట్లోకి రెప్ప వేయకుండా చూస్తోంది.

ఆ పెరట్లో, వడగళ్ల వానలో, సెలెస్తె చెప్పులు లేకుండా నిలబడి ఉంది. ఆమె చేతుల్లో వంటింటి మూలన ఫెలీపా పెంచుకునే గినీ పిగ్ ఒకటి ఉంది. దానికి తల లేదు. సెలెస్తె దవడలు నెమ్మదిగా కదులుతున్నాయి... నమిలే చప్పుడు వాన హోరులోనూ వినిపిస్తోంది.

యమీల గుమ్మంలోనే కొయ్యబారిపోయింది.

ఇద్దరూ అర్జెంటీనాలోని రొసారియో నగరం వాళ్లు. ఒకే బెంచీ మీద చదువుకున్నారు. యమీల తండ్రిది మాంసం కొట్టు. పన్నెండేళ్లకే కత్తి పట్టిన పిల్ల. సెలెస్తె చేతికి పూసలూ, నోటికి పాటలూ తప్ప ఇంకేమీ పట్టలేదు. వేసవి రాగానే వీపుసంచులు తగిలించుకుని ఉత్తరానికి బయలుదేరారు. సాల్తాలో, హుహుయ్‌లో కూడలి దగ్గర పూసల దండలు అమ్ముతూ, బస్సుల్లో ఒకరి భుజం మీద ఒకరు నిద్రపోతూ సరిహద్దు దాటి బొలీవియాలోకి వచ్చారు. లా పాస్, ఆ తర్వాత కూస్కో... అదీ వాళ్ల దారి. పొతోసిలో కార్నివాల్ జాతర చూసి పోదామంది సెలెస్తె.

నిన్న సాయంత్రం లాడ్జి మెట్లు ఎక్కలేక మధ్యలోనే కూలబడింది.

"ఒసేయ్ యమీ, ఈ ఊరివాళ్లు గాలంతా ఎక్కడ దాచేశారే? ఒక్క గుక్క దొరకడం లేదు."

"పూటకో సిగరెట్టు పెట్టె ఊదేదానివి, గాలి మీద ఇంత ప్రేమ ఎప్పట్నించే?"

"నవ్వించకే, చస్తాను."

అప్పుడే పక్కగది తలుపు తెరుచుకుంది. ఫెలీపా మొగుడు దోన్ ఎవారిస్తో బయటికి వచ్చాడు. ఎముకల గూడు లాంటి మనిషి. గనిలో రాతిధూళి మింగి మింగి రొమ్ము గట్టిపడిపోయినవాడు. ప్రతి మాటకూ ముందు దగ్గు, వెనక దగ్గు.

"కొండగాలి కొత్తవాళ్లకి పడదు తల్లీ," అంటూ సెలెస్తె ముందు కూర్చున్నాడు. చేతిలో రంగుల గుడ్డ చుట్టిన గిన్నె. అందులో కోకా ఆకుల కషాయం పొగలు కక్కుతోంది. "తాగకూడదు. ఇందులోకి గట్టిగా మూడుసార్లు ఊదు. ఆయాసం పోతుంది."

సెలెస్తె ఊదింది. మూడోసారి ఊదేసరికి ఆమె ముఖంలో నవ్వు దీపం ఆర్పినట్టు ఆరిపోయింది. ఆ తర్వాత రాత్రంతా పలకలేదు. అలసట అనుకుంది యమీల... ముసలివాడి దగ్గు ఆ క్షణం నుంచీ ఆగిపోయిందని గమనించలేదు.

ఇప్పుడు గమనించింది. వడగళ్ల చలికి యమీల నోటి నుంచి ఆవిరి వస్తోంది. సెలెస్తె నోటి నుంచి రావడం లేదు!

"సెలే... అది కింద పడెయ్యి. లోపలికి రా."

సెలెస్తె తల తిప్పింది. కనుగుడ్లలో నల్లపాప లేదు. రక్తసిక్తమైన పెదవులు విచ్చుకున్నాయి. వాటి మధ్య నుంచి వెలువడింది ఆమె గొంతు కాదు... రాళ్లు రాపాడినట్టు గరగరలాడే ముసలి గొంతు!

"ఊపిరి నాది. ఒళ్లు కొండది. నువ్వు నీ సంచి సర్దుకుని పోవే."

యమీల ముందుకు దూకి చెయ్యి పట్టుకుంది. మరుక్షణం ఆమె గాలిలో ఉంది. అంత సన్నని పిల్ల ఒక్క విసురుతో ఆమెను గోడకేసి కొట్టింది. పక్కటెముక ఒకటి పటుక్కుమంది. కళ్లు తెరిచేసరికి పెరటి తలుపు గాలికి కొట్టుకుంటోంది. సెలెస్తె వీధిలో, ఎర్రకొండ వైపు, తాడు కట్టి లాగుతున్న బొమ్మలా నడిచిపోతోంది.

వంటింటి తలుపు లోపల గడియ పడుతున్న చప్పుడు. యమీల ఆ తలుపును భుజంతో గుద్ది, గడియ ఊడగొట్టి లోపలికి దూరింది. ఫెలీపా పొయ్యి పక్కన ముడుచుకుని ఉంది. యమీల బల్ల మీది మాంసం కత్తి అందుకుని, ఆమె జడ పట్టి తల వెనక్కి వంచి, గొంతు మీద ఆనించింది.

"నీ మొగుడు ఎక్కడ?"

"పొడిచెయ్యి తల్లీ. వాడి చేతిలో కంటే నీ చేతిలో పోవడం నయం."

"చచ్చే ముందు దారి చూపించి చావు. ఏం చేశాడు దాన్ని?"

"ఇరవయ్యేళ్ల కిందటే పోవాల్సినవాడు అమ్మాయ్. కుర్రాళ్ల ఊపిరి పీల్చి బతుకుతున్నాడు. వీపుసంచి వేసుకొచ్చే పిల్లల్ని ఎంచుకుంటాడు... ఎవరూ వెంటనే వెతుక్కుంటూ రారని. ఊపిరి తీసేశాక ఒళ్లు దానంతటదే కొండలోకి నడిచిపోతుంది. అక్కడ నరం కోసి, మావయ్య కాళ్ల దగ్గర నెత్తురు పోస్తాడు. అంతే. ఇంక తిరిగి రారు."

"మావయ్య ఎవడు?"

"గని దేవర. కొండ లోపల ఉన్నదంతా ఆయనదే."

"లే. నడువు."

కార్నివాల్ మొదలైపోయింది. వానకు వెరవని బాకాలు, డోళ్లు వీధులను దద్దరిల్లజేస్తున్నాయి. గనులు మూతబడ్డాయి, గనివాళ్లంతా కొమ్ముల ముసుగులు తొడుక్కుని గుంపులు గుంపులుగా ఆడుతున్నారు. ఆ గుంపుల నడుమ నుంచి, గడ్డం నిండా నెత్తురుతో, తెల్లగుడ్లతో సెలెస్తె పోతుంటే ఎవరూ అడ్డుకోలేదు. తాగి తూలుతున్న ఒక ముసుగువాడు చప్పట్లు కొట్టాడు.

"ఏం వేషం కట్టావే పిల్లా... అచ్చం నిజం నెత్తురే!"

యమీల ఎముక విరిగిన పక్కను అదిమి పట్టుకుని పరుగెత్తింది. ప్రతి అడుగుకీ శ్వాస కత్తిలా దిగుతోంది. వెనుక ఫెలీపా. ఆపమని యమీల అరిచిన అరుపులను బాకాలు మింగేశాయి. కొండ చరియ ఎక్కేసరికి సెలెస్తె ఆకారం ఒక సొరంగ ముఖంలోకి అదృశ్యమైంది. ఆ ద్వారం చుట్టూ బలి ఇచ్చిన లామా పశువుల రక్తం పొరలు పొరలుగా ఎండి, వానకు మళ్లీ ఎర్రగా కారుతోంది.

ఫెలీపా ద్వారం పక్క గూట్లోంచి గనిదీపం తీసి వెలిగించింది. ఇద్దరూ లోపలికి దిగారు.

చీకటి... సహస్ర సంవత్సరాలుగా సూర్యకిరణం సోకని కరడుగట్టిన చీకటి! గంధకపు వాసన. పైకప్పును మోస్తున్న కొయ్యలు మూలుగుతున్నాయి. ఒకచోట బోర్లా పడి పాకవలసి వచ్చింది. అక్కడ యమీల అరచేతి కింద మెత్తగా ఏదో తగిలింది. ఎవరిదో వీపుసంచి. పక్కనే ఇంకొకటి. ఆ పక్కన బూట్లు... ఆడవాళ్లవీ, మగవాళ్లవీ.

పాకడం ముగిసిన చోట విశాలమైన గుహ. దాని మధ్య ఆసీనుడై ఉన్నాడు మావయ్య. మట్టితో చేసిన నిలువెత్తు విగ్రహం. కొమ్ములు, గాజుకళ్లు, నోట్లో సగం కాలిన సిగరెట్టు, ఒడి నిండా కోకా ఆకులు. ఆయన పాదాల దగ్గర బండ మీద సెలెస్తె వెల్లకిలా పడి ఉంది. ఆమె మణికట్టు మీద అప్పుడే కోసిన గాటు... రక్తం ధారగా ఒక పాత్రలో పడుతోంది. నిన్నటి గిన్నె అది! రంగుల గుడ్డ తొలగింది. అది గిన్నె కాదు... తలకిందులుగా పట్టుకున్న మానవ కపాలం!

ఎవారిస్తో దిగంబరంగా నిలబడి కెచువా భాషలో మంత్రం పఠిస్తున్నాడు. ముసలితనం సగం జారిపోయింది. రొమ్ము నిండింది. బుగ్గలు కుర్రవాడి బుగ్గల్లా ఉన్నాయి.

"వదులు దాన్ని," అంది యమీల కత్తి ఎత్తి.

అతను నవ్వాడు. "నేను పట్టుకోలేదే. నీ నేస్తాన్నే అడుగు." కపాలాన్ని సెలెస్తె వైపు ఆడించాడు. "లే. దాన్ని చంపి రా."

సెలెస్తె లేచింది. ఉన్మత్త వ్యాఘ్రంలా ఎగిరి యమీల మీద పడింది. గోళ్లు చెంపను చీల్చాయి. మోకాలు విరిగిన ఎముక మీద దిగింది. యమీల చేతిలో కత్తి ఉంది. ఎక్కడ దింపితే పశువు క్షణంలో ఒరుగుతుందో ఆ చేతికి తెలుసు. సెలెస్తె మెడ సరిగ్గా దాని ముందే ఉంది.

యమీల కత్తిని చీకట్లోకి విసిరేసింది. ఉన్న బలమంతా కూడదీసుకుని నేస్తాన్ని రెండు చేతులా కౌగలించుకుంది.

"సెలే. నేనే. నేనేనే మొద్దూ."

సెలెస్తె పళ్లు ఆమె చెవిలో దిగాయి. తల ఒక్క గుంజుడు... సగం చెవి ఊడి వచ్చింది. వేడి రక్తం మెడ మీదుగా కారింది. యమీల కేకతో గుహ ప్రతిధ్వనించింది. కానీ చేతులు వదల్లేదు.

"కొరుకు. ఎంత కొరుకుతావో కొరుకు. నిన్ను ఇక్కడ వదిలి పోను."

ఆ పెనుగులాటలో గనిదీపం ఎత్తి పట్టుకున్న ఫెలీపా చూపు కపాలం మీద నిలిచింది. పై పలువరుసలో, పక్కపన్ను మీదికి ఎక్కిన ఒక పన్ను... దానికి వెండి తొడుగు.

"ఆ పన్ను నేను కట్టించాను," అంది చాలా నెమ్మదిగా. "సెనోబియోది. నా కొడుకుది. సొరంగం కూలిందన్నావు. శవం దొరకలేదన్నావు."

ఎవారిస్తో ముఖం తిప్పుకోలేదు. "డాక్టరు నాకు నెల రోజులే అన్నాడు. మొదటి ఊపిరి సొంత రక్తానిదే కావాలి. వాడిని పుట్టించింది నేనే. తీసుకుంటే తప్పేముంది?"

"కన్నది నేనురా."

ఫెలీపా దీపం కింద పెట్టింది. తల మీది టోపీ తీసి రెండు చేతులా పట్టుకుని ఊపింది. ఆ కొండ ఊళ్లలో పిల్లవాడు దడుచుకుని ప్రాణం ఎక్కడో వదిలి వస్తే, తల్లులు అలాగే టోపీ ఊపుతూ ప్రాణాన్ని ఇంటికి పిలుస్తారు.

"సెనోబియో... ఒరే నాన్నా, సెనో... చీకటి పడుతోంది. ఆడింది చాలు. ఇంటికి రా."

"నోరు ముయ్యవే!" ఎవారిస్తో గొంతులో మొదటిసారి భయం పలికింది.

"నీ కోసం గంజి కాచాను. ఎవరూ కొట్టరు. రా అయ్యా. అమ్మ పిలుస్తోంది."

భూమి గర్భంలో ఎక్కడో ఉరుము ఉరిమింది. కపాలం లోపలి రక్తం కుతకుతా మరిగింది. కనుగూళ్లలో రెండు నీలిజ్వాలలు లేచాయి... ఇరవయ్యేళ్లుగా తండ్రి మంత్రానికి బానిసయై ఊపిరులు దోచి పెట్టిన ఆ ప్రేతాత్మ తన పేరు వింది. తల్లి నోట వింది. ఇక ఏ మంత్రం దాన్ని కట్టగలదు?

కపాలం దవడలు టక్కున మూసుకున్నాయి. ఎవారిస్తో వేళ్లు వాటి మధ్య ఉన్నాయి. ఎముకలు నలిగిన శబ్దం. అతను విదిలించాడు, అది వదల్లేదు. మణికట్టు దాకా నమిలింది. హాహాకారం చేయడానికి నోరు తెరిచాడు... అరుపు రాలేదు. గాలి వచ్చింది. ఒకరి గాలి కాదు. ఆ నోటిలోంచి ఎందరివో ఊపిరులు, ఏడుస్తూ, పిలుస్తూ, ఒకదాన్నొకటి తోసుకుంటూ సుడిగాలిలా వెలువడి సొరంగం వెంట బయటికి పరుగెత్తాయి. ఆఖరుది సెలెస్తె ముఖం మీద ఆగింది. ఆమె రొమ్ము ఒక్కసారి ఎగిరిపడింది.

ఎవారిస్తో బుగ్గలు పీక్కుపోయాయి. రొమ్ము లోపలికి కుంగింది. అతను దగ్గాడు. బూడిదరంగు ధూళి పడింది. మళ్లీ దగ్గాడు. రక్తంతో కలిసి గులకరాళ్లు పడ్డాయి... గొంతు చీల్చుకుంటూ మొనదేలిన రాళ్లు. మోచేతుల మీద పాకి విగ్రహం పాదాలు పట్టుకున్నాడు.

"మావయ్యా... ఇన్నేళ్లు... నీకే పోశాను..."

విగ్రహం నోట్లో ఆరిపోయిన సిగరెట్టు కొన ఎర్రగా రగిలింది. మట్టిచేతులు రెండూ పైనుంచి కిందికి దిగాయి. అవి వాడి తలను ఒడిలోకి తీసుకున్నాయి, ఎంతో ప్రేమగా. ఆ తర్వాత నొక్కాయి. పుర్రె పగిలిన చప్పుడుతో పాటే పైకప్పు కొయ్య విరిగింది.

"పారిపో తల్లీ," అని అరిచింది ఫెలీపా.

యమీల సెలెస్తెను చంకల కింద పట్టి ఈడ్చుకుంటూ పాకింది. వెనుక కొండ తన నోరు మూసుకుంటోంది. రాళ్లు, దుమ్ము, గర్జన... ఆ తర్వాత ఏమీ లేదు.

బయట వాన వెలిసింది. ఎండ వచ్చింది. సెలెస్తె బురదలో పడి ఎగశ్వాసతో గాలి పీలుస్తోంది. ప్రతి శ్వాసకూ ఆవిరి. యమీల చొక్కా చింపి ఆమె మణికట్టుకు గట్టిగా కట్టింది. ఫెలీపా ఆఖరున వచ్చింది. జుట్టు నిండా ధూళి, టోపీ లేదు. వీపుకు శాలువాతో ఒక గుండ్రని మూట కట్టుకుంది, చంటిపిల్లను కట్టుకున్నట్టు. వాళ్ల వైపు చూడలేదు. కొండ దిగుతూ, మధ్యమధ్య మెడ తిప్పి భుజం మీదుగా ఆ మూటతో ఏదో చెబుతూ, కార్నివాల్ గుంపులోకి నడిచిపోయింది. ఆడుతున్నవాళ్లు పక్కకి తప్పుకుని దారి ఇచ్చారు.

ఆస్పత్రిలో తన చెవికి కుట్లు వేసిన నర్సుకు, కుక్క కరిచిందని చెప్పింది యమీల. మర్నాడు లా పాస్ బస్సు ఎక్కలేదు. రొసారియో వైపు పోయే బస్సు ఎక్కారు. కొండ కనుమరుగైంది. తర్వాత సెలెస్తె, కిటికీ వైపే చూస్తూ అడిగింది.

"కుక్క కాదు కదూ?"

యమీల కిటికీ తెర లాగింది.

"నా పళ్లలో ఇంకా ఆ రుచి పోలేదే. నేనే కదూ?"

యమీల ఆమె తలను లాగి తన భుజం మీద పెట్టుకుంది. కట్టు కట్టిన వైపే.

"రెండో చెవి ఉందిలే. పడుకో."